అమ్మకానికి లేని నేల

వికారాబాద్,
ఫిబ్రవరి 11

రాధాకిషన్ అన్నయ్యగారికి,

మీరు, శ్యామల వదిన కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన పంపిన కందిపప్పు అందింది. పప్పు ఉడికితే వీధి చివరిదాకా వాసన వచ్చింది.

ముప్పయ్యేళ్లు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాలకూ ముద్రలు కొట్టాను గాని, రిటైరయ్యాక నేను స్వయంగా రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే, అదీ వియ్యంకుడికి. ఫోనుండగా ఉత్తరమేమిటని మీరు అడగవచ్చు. మొన్న ఆదివారం ఫోనులో జరిగింది గుర్తు చేస్తాను, మీరే ఒప్పుకుంటారు.

అనంతగిరి రోడ్డులో మా కౌశిక్, మీ సాహిత్య కట్టుకుంటున్న ఇంటికి స్లాబు పడింది గదా. “నేలకు చెక్క వేయిద్దామనుకుంటున్నం అన్నయ్యా” అన్నాను నేను. “పక్కా! పక్కాగానే వేయిద్దం చెల్లెమ్మా!” అన్నారు మీరు. మళ్లీ “చెక్క” అని అరిచాను. “ఒక్క గదికేంది, అన్ని గదులకు నేనే పంపుత” అన్నారు. మూడోసారి అరిచేసరికి మా ఎదురింటామె బయటికొచ్చి “ఏమైందక్కా?” అంది. మీరు మాత్రం సంతోషంగా ఫోను పెట్టేశారు.

రాయి కోసే యంత్రాల మధ్య ఇన్నేళ్లు గడిపిన చెవులు మీవి, తప్పు పట్టను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పిల్లల ఇంటికి హాలుకూ రెండు పడకగదులకూ చెక్క నేల వేయాలని ఉంది. నిజమైన చెక్క. బండలు కాదు.

ఈ ముచ్చట నాది. పిల్లలను ఏమీ అనకండి.

మీ చెల్లెలు
పుష్పమ్మ

తాండూరు,
ఫిబ్రవరి 16

చెల్లెమ్మ పుష్పమ్మకు,

ఉత్తరం చేరింది. మొదట ఒకసారి చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఆ తర్వాత శ్యామల చేత చదివించుకున్నాను. ముగ్గురికీ చెక్క అనే కనిపించింది. ముగ్గురంటే నేను రెండుసార్లు.

చెల్లెమ్మా, మా నాన్న ఈ ఊళ్లో బండల పని మొదలుపెట్టినప్పుడు ఉలితో, సుత్తితో చేసేవారు. నేను పాలిష్ యంత్రాలు తెచ్చాను. మన తాండూరు బండ రైలెక్కి, లారీ ఎక్కి ఎక్కడెక్కడికో పోతుంది. ఇక్కడికి గంట దూరంలో ఉన్న నా బిడ్డ ఇంటికి మాత్రం పోదా? “రాధాకిషన్ బిడ్డ ఇంట్ల చెక్కనంట” అని బజారులో ఒకరు అంటే నేనేం చెప్పాలి?

మీరు ఫోను చేసిన మర్నాడే ఒకే పొరలో తీసిన నీలం బండలు ఏరి పక్కన పెట్టించాను. రంగులో ఇంత కూడా తేడా లేదు. వాటి మీద ఎవరూ చెయ్యి వేయవద్దని మేస్త్రి పాండుకు చెప్పాను. వాడు రోజూ వాటికి నమస్కారం పెట్టి పోతున్నాడు.

కోపం కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. బండలో ఏం తప్పుంది? రంగు నచ్చలేదా? నీలం వద్దంటే పసుపు ఉంది. చలికాలం కాళ్లకు చల్లగా తగులుతుందా? దానికీ ఉపాయం ఉంది. జారుతుందనా? జారని పాలిష్ చేయిస్తాను. కారణం ఒక్కటి చెప్పండి, విరుగుడు నేను చెబుతాను.

మీ అన్న
రాధాకిషన్

వికారాబాద్,
మార్చి 4

అన్నయ్యగారికి,

కారణం అడిగారు. నా మడమలు. కౌంటరు వెనక నిలబడి నిలబడి అరిగిపోయాయి. చెక్క మీద నడిస్తే మెత్తగా ఉంటుందట. పిల్లలతో పాటు నేనూ ఆ ఇంట్లోనే ఉండబోతున్నాను గదా.

పోయిన శనివారం కౌశిక్, సాహిత్య, నేను హైదరాబాద్ వెళ్లి చెక్క నేలల దుకాణం చూశాం. ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. మొదట ఒకటి చూపించారు. తళతళలాడుతోంది, చెక్కలోని గీతలు, ముడులు అన్నీ ఉన్నాయి. సాహిత్య వంగి చూసి, “అత్తమ్మా, గీ ముడి జూడు, గా పలక మీద గూడ అచ్చం గిట్లనే ఉన్నది” అంది. నిజమే, నాలుగు పలకలకు ఒకసారి అదే ముడి వస్తోంది. అడిగితే అసలు సంగతి చెప్పారు. అది చెక్క కాదు, లామినేట్. చెక్కపొట్టు అట్ట మీద చెక్క ఫొటో అంటించి పైన గట్టి పొర వేస్తారట.

రెండోది ఇంజినీర్డ్ వుడ్. పైన నిజమైన ఓక్ చెక్క పలుచని పొర, కింద ప్లైవుడ్ లాంటి అరలు. ఎండకూ వానకూ ఎక్కువ కదలదట. కౌశిక్‌కు ఇది నచ్చింది. మూడోది పూర్తి టేకు పలక. పై నుంచి కింది దాకా ఒకటే చెక్క. గీతలు పడితే చిత్రిక పట్టి మళ్లీ కొత్తగా చేసుకోవచ్చట. సాహిత్య చెప్పులు విడిచి దాని మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. దుకాణం వాళ్లు పిలిచేదాకా అక్కడే నిలబడి ఉంది.

మూడు రకాల ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. బస్సు కార్గోలో మీకు పంపుతున్నాను. అడిగే హక్కు నాకు లేదని తెలుసు. కానీ మన రెండు కుటుంబాల్లో నేల గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు చెప్పండి?

పుష్పమ్మ

తాండూరు,
మార్చి 15

చెల్లెమ్మకు,

పార్సెల్ విప్పకుండా రెండు రోజులు అల్మారా మీద పెట్టాను. మూడో రోజు శ్యామల, “జర విప్పి చూడుండ్రి, అదేమన్న పామా?” అంది.

విప్పాను గనక చూసింది రాస్తున్నాను. చూశాను గనక ఒప్పుకున్నట్టు కాదు.

మూడింటినీ పొద్దున బకెట్ నీళ్లలో వేసి సాయంత్రం తీశాను. మర్నాడంతా మేడ మీద ఎండలో పెట్టాను. లామినేట్ ముక్క అంచులు ఉబ్బి, నూనెలో వేసిన బొండాలా తయారైంది. అది ఇంట్లోకి తెస్తే నేను రాను. ఇంజినీర్డ్ ముక్క బాగానే నిలబడింది, వంగలేదు. కానీ పైపొర మరీ పలుచన. ఒకసారి చిత్రిక పట్టవచ్చు, రెండోసారి పడితే కింద ప్లైవుడ్ బయటపడుతుంది. పైపొర ఇంకా మందం ఉన్నది దొరుకుతుందేమో అడగండి. టేకు కొంచెం వంగింది, నీడలో ఆరేసరికి మళ్లీ తన దారికి తాను వచ్చింది. దాని మీద మేకుతో గీసి చూశాను. గీత పడింది. బండ మీదైతే పడేది కాదు. ఇది మాత్రం రాయకుండా ఉండలేను.

మీ కౌశిక్‌కు చెప్పండి: వంటింట్లో, స్నానాల గదిలో చెక్క మాట ఎత్తవద్దు. నీళ్లున్న చోట ఎంత మంచి చెక్కయినా నిలవదు.

ఇక మడమల సంగతి. చెల్లెమ్మా, పిల్లల పెళ్లిలో మూడు రోజులు మీరు కూర్చున్నది నేను చూడలేదు. బంతి వడ్డనకు ముందు మీరు, చివర మీరు. అనంతగిరి గుడి మెట్లు నాకంటే ముందు ఎక్కి, పైనుంచి “దా అన్నయ్యా” అని చెయ్యి ఊపింది మీరే. ఆ మడమలకు నొప్పంటే నేను నమ్మను.

ఈ చెక్క ఎవరి ముచ్చట? నిజం చెప్పండి.

రాధాకిషన్

వికారాబాద్,
మార్చి 24

అన్నయ్యగారికి,

మీ పరీక్షల ఫలితాలు చదివి ముగ్గురం పగలబడి నవ్వాం. లామినేట్ ఆ రోజే పక్కకు పోయింది. వంటింటి సంగతి కౌశిక్ రాసి పెట్టుకున్నాడు.

మా ఊరి వడ్రంగి మత్తయ్య ఒక కబురు తెచ్చాడు. పరిగిలో పాత మిద్దె ఒకటి విప్పారట. ఎనభై ఏళ్ల టేకు దూలాలు, వాసాలు. “అమ్మా, గీ కట్టె ఎండాల్సినంత ఎండింది. ఇగ వంగదు, ఉబ్బదు. కోయించి పలకలు చేస్త” అన్నాడు. నేనూ సాహిత్యా వెళ్లి చూశాం. పై మసి గీకితే లోపల తేనె రంగు. అక్కడక్కడ మేకుల చిల్లులున్నాయి. కౌశిక్‌కు ఆ చిల్లులు నచ్చలేదు, సాహిత్యకు అవే నచ్చాయి. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు: కొత్త ఓక్ పార్టీ, పాత టేకు పార్టీ. నేను ఓటు వేయలేదు.

ఎవరి ముచ్చట అని అడిగారు. నాదేనని రాశాను గదా. మళ్లీ అడగకండి అన్నయ్యా.

ఉగాదికి సాహిత్య తాండూరు వస్తోంది. మామిడికాయలు పంపుతున్నాను.

పుష్పమ్మ

తాండూరు,
ఏప్రిల్ 9

చెల్లెమ్మకు,

మీరు చెప్పకపోయినా తెలిసింది. ఎట్లా తెలిసిందో రాస్తాను.

మా ఇల్లు మీరు చూశారు. హాల్లో ఒక మూల నీలం, ఒక మూల పసుపు, మధ్యలో కొత్త పాలిష్‌వి. కొనేవాళ్లకు చూపించడానికి దుకాణం కంటే ఇల్లే మేలని నా నమ్మకం. నడిచి చూస్తారు, నచ్చుతుంది, కొంటారు. ఇరవై ఆరేళ్లలో ఆ హాలు నేల పదకొండు సార్లు మార్చాను. అది నా గొప్ప అనుకున్నాను.

పండుగ రోజు మధ్యాహ్నం నేను, సాహిత్య, శ్యామల హాల్లో కింద కూర్చుని తింటున్నాం. బషీరాబాద్ నుంచి ఒకాయన భార్యతో వచ్చాడు, ఇల్లు కడుతున్నాడట. “రాండ్రి, రాండ్రి” అన్నాను. నేనింకేమీ అనలేదు చెల్లెమ్మా. నా బిడ్డ అప్పటికే విస్తరి చేతిలోకి తీసుకుని లేచింది, తన కింద ఉన్న బండలు వాళ్లకు కనిపించాలని. గోడకు ఆనుకుని నిలబడి పులిహోర తింటోంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు అట్లా లేచిందో నాకు తెలియదు. నేను చూసింది ఆ రోజే.

వాళ్లు నేల చూస్తుండగానే బిడ్డ దగ్గరికి పోయి అడిగాను. “చెక్క నేల ఎవరు అడిగిండ్రు? నువ్వా?” ఏదో చెప్పింది. వినపడలేదు. “ఏందీ?” అన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ “ఏందీ?” అన్నాను. అప్పుడు గట్టిగా అరిచింది.

“నేనే నాన్నా! నాకు అమ్మకానికి లేని నేల గావాలె! ఎవ్వలొచ్చిన నేను లేవని నేల గావాలె!”

నాకు వినపడింది. బషీరాబాద్ ఆయనకూ వినపడింది. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగారు. అరిచాక తనే భయపడి, విస్తరి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. నేను చెయ్యి విడిపించుకుని మేడ మీదకు పోయాను. అట్లా పోయి ఉండకూడదు. ఇప్పుడు తెలుస్తోంది.

మీకు ముందే తెలుసు. తెలిసి మీ మడమల మీద వేసుకున్నారు. ఎందుకు?

రాధాకిషన్

వికారాబాద్,
ఏప్రిల్ 17

అన్నయ్యగారికి,

అబద్ధం చెప్పాను. క్షమించండి. నా మడమలకు ఏ రోగమూ లేదు.

సాహిత్య నాకు జనవరిలోనే చెప్పింది. ఇంటికి గోడలు లేస్తున్నప్పుడు ఏ నేల కావాలని అడిగాను. “చెక్క” అని, వెంటనే “వద్దులే అత్తమ్మా, నాన్న ఫికర్ జేస్తడు” అంది. ఎందుకని కదిపితే ఒక్కటే ముచ్చట చెప్పింది. ఐదో తరగతిలో ఉన్నప్పుడు మీ హాల్లో కిటికీ పక్కన ఒక బండ ఉండేదట, దాని మీద ఆకు ఆకారంలో మచ్చ. రోజూ దాని మీదే కూర్చుని చదువుకునేదట. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అది లేదు. ఎవరికో నమూనాకని ఇచ్చారట. “నాన్నను అడగలే. ఆ రోజు నాన్న మస్తు ఖుషీగ ఉన్నడు” అంది.

నేను ఎందుకు మీద వేసుకున్నానంటే, వియ్యపురాలి మీద కోపం వస్తే ఏడాదికి పోతుంది. కన్నబిడ్డ మాట గుచ్చుకుంటే అంత తొందరగా పోదు. అది నా లెక్క. తప్పు లెక్కే అయింది. మీ ఇద్దరి మధ్య నేను అడ్డం నిలబడకుండా ఉంటే, ఆమె ఇంత గట్టిగా అరవాల్సి వచ్చేది కాదేమో.

ఒక మాట మాత్రం నమ్మండి. ఆమెకు బండ అంటే చిన్నచూపు లేదు. పొలాలు చూసే ఉద్యోగం గదా, పరిగి పక్క ఊళ్లకు పోయినప్పుడు ఎవరింట్లోనైనా మంచి నేల కనిపిస్తే, “ఇది మా తాండూరు బండ, మా నాన్న పాలిష్ లెక్కుంది” అని వాళ్లకు చెబుతుందట. కౌశిక్ చెప్పాడు.

వచ్చి ఇల్లు చూడండి అన్నయ్యా. వేసేది చెక్కయినా, బండయినా.

పుష్పమ్మ

తాండూరు,
జూన్ 2

చెల్లెమ్మకు,

ఇన్నాళ్లు జవాబు రాయలేదు. ఆ ఆకు మచ్చ బండ ఎవరికి పోయిందో గుర్తు చేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

మీకు నచ్చిన నేల వేసుకోండి. నేను అడ్డం రాను. పని జరిగేటప్పుడు మాత్రం నన్ను పిలవకండి, చూడలేను.

కానీ ఒక్క సంగతి. పలకలు వేసే ముందు కింద కాంక్రీటు ఆరిందో లేదో ఎవరైనా చూశారా? మీ స్థలం గుట్ట కింద ఉంది. పైన పడ్డ వాన అటే దిగుతుంది. రెండడుగుల పాలిథిన్ కాగితం తీసుకుని, నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. మూడు రోజులు ముట్టుకోకండి. తర్వాత విప్పి లోపలి వైపు చూడండి. పొడిగా ఉంటే సరే.

రాధాకిషన్

వికారాబాద్,
జూలై 1

అన్నయ్యగారికి,

మీరు చెప్పినట్టే మూడు గదుల్లో పాలిథిన్ అంటించాం. ముందు పడకగది, హాలు పొడిగా ఉన్నాయి. వెనక పడకగదిలో కాగితం విప్పితే లోపల ముత్యాల్లా నీటి బొట్లు. కింద కాంక్రీటు నల్లబడి ఉంది.

కాంట్రాక్టరు వచ్చి చూసి, “గదేం గాదమ్మా, వానకాలంల ఏ ఇంట్లనన్న గంతే” అన్నాడు. మత్తయ్య మాత్రం పలకలు దించనని మొండికేశాడు. వచ్చే సోమవారం పని మొదలుపెట్టాల్సింది. చివరికి పాత టేకే గెలిచింది, కౌశిక్ కూడా మనసు మార్చుకున్నాడు. పలకలన్నీ కోయించి, హాల్లో గాలి తగిలేలా పేర్చి ఉంచాం. మీరు ఆ నాలుగు మాటలు రాయకపోతే ఎనభై ఏళ్లు బతికిన ఆ కట్టె ఈ ఒక్క వానకాలంలోనే పాడైపోయేది.

పిలవవద్దన్నారు. పిలుస్తున్నాను. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ఇక్కడెవరికీ అంతు చిక్కడం లేదు. సాహిత్య కూడా ఈ ఉత్తరం కింద ఒక మాట రాస్తానంటోంది.

పుష్పమ్మ

నాన్నా, రా. నేను రెండు రోజులు సెలవు పెట్టిన. – సాహిత్య

తాండూరు,
జూలై 20

చెల్లెమ్మకు,

క్షేమంగా ఇల్లు చేరాను. రెండు రోజులకని వచ్చి తొమ్మిది రోజులు మీ ఇంట్లో తిన్నాను. శ్యామల నన్ను చూసి, “బరువు పెరిగిండ్రు” అంది.

మేము తవ్వి చూసింది మీరు చూశారు గనక మళ్లీ రాయను. వెనక గోడకు ఆనించి మట్టి పోసి వదిలేశారు, నీళ్లు పోయే దారి లేదు. పాండు తవ్విన కాలువలో ఆకులు పడకుండా వారానికోసారి చూడండి. గోడకు పూసిన చెమ్మ ఆపే మందు పూర్తిగా ఆరాలి. దసరా దాకా పలకల మాట వద్దు. దసరా తర్వాత మళ్లీ పాలిథిన్ పెట్టి, పొడిగా ఉంటేనే మొదలుపెట్టండి. గోడల వెంట వేలు మందం సందు వదలమని మత్తయ్యకు చెప్పండి. చెక్క వానకాలం కొంచెం ఒళ్లు విరుచుకుంటుంది, దానికి చోటు కావాలి. పైన అద్దంలా మెరిసే వార్నిష్ వద్దు, నూనె పట్టిస్తే చాలు. మత్తయ్యకు ఇవన్నీ తెలుసు. తెలిసినా నేను చెబుతున్నానని వినడు. నా రసమట్టం తప్పు చూపిస్తోందన్నాడు! “సేటూ, నీ బుడగ నిద్రపోయింది” అన్నాడు. ముప్పయ్యేళ్లలో నా రసమట్టాన్ని అంత మాటన్నవాడు లేడు. కొత్తది తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వాడన్నది నిజమే. వాడికి చెప్పవద్దు.

మీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. మూడో రోజు హాలుకూ పడకగదికీ మట్టం కలుస్తోందా అని చూస్తున్నాం. మట్టం చూసే నీళ్ల పైపు ఒక కొస నా చేతిలో, ఇంకో కొస సాహిత్య చేతిలో. పలకల గుట్ట అడ్డం, తను ఆ గదిలో, నేను ఈ గదిలో. తను పిలిస్తే నాకు వినపడదు. తలుపు సందులోంచి చెయ్యి మాత్రం కనిపిస్తోంది. పైకి అంటే పైకి, కిందికి అంటే కిందికి. మధ్యాహ్నం దాకా అట్లా ఒక్క మాట లేకుండా పనిచేశాం. నా దగ్గర పదిహేనేళ్లుగా చేస్తున్నవాళ్లకు కూడా అంత బాగా చెయ్యి తిరగదు.

పని అయ్యాక ఇద్దరం ఆ ఒట్టి కాంక్రీటు మీద కూర్చున్నాం. ఆ బండ సంగతి ఎత్తాను. “బిడ్డా, నాకు యాద్ లేదు. ఎవరికిచ్చిన్నో యాద్ లేదు” అన్నాను. తను నా చెవి దగ్గరికి వచ్చి, “పోనీ నాన్నా. అప్పుడు నేను గూడ అడగలే గదా” అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. నాకే కొంచెం కళ్లల్లో సిమెంటు పడ్డట్టయింది.

తర్వాత తనే అడిగింది: “వంటింటికి, బయట అరుగుకు బండలు గావాలె. నువ్వు ఏరుతవా, నేను ఏరాల్నా?” నువ్వే వచ్చి ఏరుకో అన్నాను.

నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం మీరూ బిడ్డా కలిసి పన్నిన కుట్ర అని నాకు తెలుసు. చెవిలో యంత్రం పెట్టించుకున్నాను. మొదటి రోజు శ్యామల వంటింట్లో ఒంటరిగా ఏమేమి అంటుందో అన్నీ వినపడ్డాయి. సగం నా గురించే.

రాధాకిషన్

వికారాబాద్,
నవంబరు 3

అన్నయ్యగారికి,

చెక్క పడింది! పదకొండు రోజులు పట్టింది. మత్తయ్య పలకలు ఒక్కొక్కటీ చేత్తో తడిమి, ఏది దేని పక్కన ఉండాలో తనే చూసుకున్నాడు. కౌశిక్ ఎక్కడ వేయమన్నా, “నువ్వు పాఠాలు చెప్పుకో సారూ, గీడికి రాకు” అన్నాడు. మేకుల చిల్లులున్న పలకలన్నీ హాలు మధ్యలోనే పడ్డాయి. వాటిని లక్కతో పూడ్చనా అని మత్తయ్య అడిగితే, సాహిత్య వద్దంది. ఆఖరికి ఇసుక కాగితం పట్టి నూనె పూశారు. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే నేల అంతా చెరకు పానకం రంగు.

వంటింట్లో మీ నీలం బండలు పరిచారు. పాండు వాటిని వదల్లేక వదల్లేక పోయాడు. సాహిత్య ఏరి తెచ్చిన పసుపు బండలు అరుగు మీద ఉన్నాయి. వచ్చే ఆదివారం గృహప్రవేశం. ముందురోజే రావాలి. వదినకు ప్రత్యేకంగా చెప్పండి, పూర్ణాలు ఆమె చేతివే కావాలట కోడలికి.

ఒక భయం ఉంది. మీ బజారు వాళ్లందరూ వస్తారు. ఎవరైనా ఏమైనా అంటే పట్టించుకోకండి.

పుష్పమ్మ

తాండూరు,
నవంబరు 27

చెల్లెమ్మకు,

మీరు భయపడ్డట్టే గృహప్రవేశం రోజు అన్నారు. నలుగురిలో మా బజారు శ్రీశైలం, “ఏం సేటూ, తాండూరుల బండలు ఒడిసినయా?” అన్నాడు. చెవిలో యంత్రముంది గనక వినపడింది. వినపడనట్టు ఊరుకోవచ్చు, ఆ సౌకర్యం ఇంకా ఉంది. కానీ జవాబు చెప్పాను. “నా బిడ్డకు ఇష్టమైంది వేసుకున్నది. కింద మట్టం నేను జూసిన. నీళ్ల గ్లాసు పెట్టి జూడు, ఎటన్న ఒరుగుతదేమో” అన్నాను. వాడు నిజంగానే పెట్టి చూశాడు. ఒరగలేదు. బంతిలో పక్కన కూర్చుని ఆ పలకలు ఎక్కడ దొరికాయని మెల్లగా అడిగాడు.

భోజనాల తర్వాత మీరంతా హడావిడిగా ఉంటే నేను ముందు గదిలో కింద ఒరిగాను. దిండు లేదు, చాప లేదు. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. లేచేసరికి బిడ్డ నా పక్కనే కూర్చుని తింటోంది. లోపలికి ఎవరో వచ్చారు, ఇల్లు చూడాలట. సాహిత్య కూర్చున్న చోటు నుంచే, “రాండ్రి, చూడుండ్రి” అని, విస్తరి దగ్గరికి జరుపుకుని తింటూనే ఉంది. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఇప్పుడు అసలు కబురు. ఇంటికి రాగానే బండల నమూనాలన్నీ ఫ్యాక్టరీకి పంపేశాను. ఇకమీదట కొనేవాళ్లు అక్కడే చూస్తారు. మా హాలుకు ఆఖరిసారి నేల వేద్దామని, ఏ రంగు బాగుంటుందో చూడమని శ్యామలను పిలిచాను. “హాలు మీ ఇష్టం. నా పడకగదికి మాత్రం ఎర్ర గచ్చు గావాలె” అంది.

ఎర్ర గచ్చు! సిమెంటులో ఎర్ర రంగు కలిపి రుద్దేది! బషీరాబాద్‌లో వాళ్ల పుట్టింట్లో ఉండేదట. ఎండాకాలం దాని మీద చెంప ఆనించి పడుకునేదట. ముప్పై రెండేళ్లుగా బండల మధ్య కాపురం చేస్తూ లోపల ఎర్ర గచ్చు పెట్టుకుని తిరిగింది.

“ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?” అన్నాను.

“మీరెప్పుడన్న అడిగిండ్రా?” అంది.

ఆ పని తెలిసిన మేస్త్రి ఇప్పుడు తాండూరులో ఎవరూ లేరు. బషీరాబాద్ పక్క ఊళ్లో అంజిలయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడంటే పోయి బతిమాలి తీసుకొచ్చాను. నాలుగు రోజులు కూర్చుని చేత్తో రుద్ది రుద్ది చేశాడు. ఎక్కడా సందు లేదు, అతుకు లేదు. కుంకుమ ఆరబోసినట్టుంది. ఇంకా వారం దాకా దాని మీద కాలు పెట్టవద్దన్నాడు. శ్యామల గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లి కాపలా కాస్తోంది.

నేను బల్ల ఇవతల నుంచి చూస్తున్నాను. లోపలికి రానివ్వడం లేదు.

మీ అన్న
రాధాకిషన్